శతాబ్దం అడ్డొచ్చిన ప్రేమలు

ప్రేమకథకు అడ్డంకి కావాలి. కులం, ఆస్తి, రెండు కుటుంబాల పగ, మధ్యలో సముద్రం, ఇవన్నీ కథకులు ఏనాడో వాడేశారు. ఎంత పెద్ద అడ్డంకైనా దాటడానికి ఎక్కడో ఒక సందు ఉంటుంది. ఇల్లు వదిలి వెళ్ళిపోవచ్చు, పెద్దల్ని ఒప్పించవచ్చు, ఏళ్ళ తరబడి కాచుకోనూవచ్చు. కానీ అతను పుట్టేనాటికే ఆమె చనిపోయి దశాబ్దాలు గడిచిపోతే? ఓపిక పట్టి లాభం లేదు, పారిపోదామంటే చోటు లేదు, బతిమాలుకోవడానికి మనిషి లేడు. ఇలాంటి ప్రేమను చూపించాలని గత వందేళ్ళలో నాటకమూ సినిమా టెలివిజనూ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాయి. ఆ ప్రయత్నాల్లో ఏది మనసులో నిలుస్తుంది, ఏది చూసిన మర్నాటికే చెదిరిపోతుంది, ఎందుకు అన్నది ఇక్కడ చూడాలనుకున్నాను.

మొదట చెప్పుకోవలసింది 1998 ఫిబ్రవరిలో అమెరికాలో సీబీఎస్ ఛానెల్ ప్రసారం చేసిన 'ది లవ్ లెటర్' అనే టెలివిజన్ సినిమా. క్యాంప్‌బెల్ స్కాట్, జెన్నిఫర్ జేసన్ లీ నటించారు. దర్శకుడు డాన్ కర్టిస్. కంప్యూటర్ ఆటలు తయారుచేసే స్కాటీ అనే యువకుడు ఒక పాత రాతబల్ల కొంటాడు. దాంట్లో ఒక రహస్యపు అర, ఆ అరలో ఒక ఉత్తరం. రాసింది ఎలిజబెత్ విట్‌కూంబ్. అమెరికా అంతర్యుద్ధం నాటి అమ్మాయి, కవిత్వం రాస్తుంది. ఇంట్లోవాళ్ళు చూసిన సంబంధం మీద ఆమెకు మనసు లేదు. తన్ను అర్థం చేసుకునే మనిషి ఎక్కడైనా ఉన్నాడేమోనని, ఎవరి పేరూ లేకుండా ఆ ఉత్తరం రాసి దాచుకుంది. స్కాటీకి ఏమనిపిస్తుందో గానీ జవాబు రాస్తాడు, పాత కాలపు పోస్టాఫీసులో వేస్తాడు. అది ఆమెకు అందుతుంది. అక్కణ్ణించి రెండు శతాబ్దాల మధ్య ఉత్తరాలు నడుస్తాయి. ఇతనికి ఇక్కడ నిశ్చితార్థమైన అమ్మాయి ఉంది. అక్కడ ఆమె ముందు యుద్ధం ఉంది.

ఈ సినిమాను సమర్పించింది హాల్‌మార్క్ సంస్థ. శుభాకాంక్షల కార్డులు అమ్మే కంపెనీ అది. 1951 క్రిస్మస్ ముందురోజు 'అమాల్ అండ్ ది నైట్ విజిటర్స్' అనే ఆపెరాతో 'హాల్‌మార్క్ హాల్ ఆఫ్ ఫేమ్' శీర్షిక మొదలైంది. టెలివిజన్ కోసమే రాసిన మొదటి ఆపెరా అది. అప్పట్నించి ఆ పేరు మీద నాటకాలు, నవలలు, కథలు సినిమాలుగా వచ్చాయి. సమర్పించింది కార్డుల వ్యాపారి కనక ఈ సినిమాను చక్కెర పాకమని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు. నాకు అలా అనిపించలేదు. చేతిరాతకున్న బలాన్ని నమ్మిన కథ ఇది. ప్రసారమైన సంవత్సరం కూడా గుర్తుంచుకోవాలి. అప్పుడప్పుడే ఈమెయిల్ ఇళ్ళలోకి వస్తోంది, కాగితం మీది ఉత్తరం జారిపోతోంది. కథానాయకుడు కంప్యూటర్ మనిషి కావడం ఆ సందర్భంలో అర్థవంతంగా కుదిరింది.

మూలకథ జాక్ ఫిన్నీది. 1959 ఆగస్టు 1న 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికలో అచ్చయింది. ఏలియన్లు మనుషుల రూపం దాల్చే 'ది బాడీ స్నాచర్స్' నవల రాసింది ఈయనే. కానీ ఫిన్నీ ప్రాణమంతా గడిచిపోయిన న్యూయార్క్ మీదే. కథలో అబ్బాయి బ్రూక్లిన్‌లో ఒంటరిగా ఉంటాడు. అతని రాతబల్లలో దొరికిన ఉత్తరం 1882 నాటిది. అదే సంవత్సరంలోకి ఫిన్నీ 1970లో 'టైమ్ అండ్ అగైన్' నవలలో ఇంకో మనిషిని పంపాడు. రచయిత మనసు ఎక్కడ తిరుగుతుండేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కథలోని నియమం చాలా కఠినం. బల్లకు రహస్యపు అరలు మూడు. మొదటి అర తెరిచాడు, ఉత్తరం దొరికింది. తన చిన్ననాటి స్టాంపుల పుస్తకంలోంచి పాత స్టాంపు తీసి అంటించి, ఆ కాలం నుంచీ ఉన్న పోస్టాఫీసులో జవాబు వేశాడు. రెండో అరలో ఆమె మారు జవాబు ఉంది. ఇక మిగిలింది ఒక్కటే అర. తెరిచిన అరలోకి ఆమె మళ్ళీ ఏమీ పంపలేదు, ఎందుకంటే ఆ అర ఇప్పటికే ఖాళీ అయిపోయింది. అంటే ఆమె నుంచి రాగలిగింది ఇంకొక్క మాటే. ఆ సంగతి అతనే ఆమెకు రాయాలి. మూడో అరలో ఆమె ఫొటో దొరుకుతుంది. ఆ తరవాత బల్లతో పని లేకుండా, తాను మరిచిపోలేదని ఆమె చెప్పిన చోటు ఒకటి ఉంది. తన సమాధి రాయి. అతను వెతుక్కుంటూ వెళ్ళి అది చదువుకుంటాడు. కథ అంతే, పత్రికలో కొద్ది పేజీలు. చదివినవాళ్ళు ఆ అరల లెక్క మరిచిపోలేరు.

సినిమా ఈ కాఠిన్యాన్ని సడలించింది. అరల లెక్క పలచబడింది, ఉత్తరాలు పదేపదే నడుస్తాయి. గంటన్నర నిడివి నిండాలి కనక అది కొంత తప్పదు. బదులుగా రెండు మంచి పనులు చేసింది. ఒకటి, ఆమె పక్షాన ఒక జీవితాన్ని కల్పించింది. ఫిన్నీ కథలో అమ్మాయి మనకు రాతలోనే తెలుసు. సినిమాలో ఎలిజబెత్ ఊపిరాడని ఇంట్లో తిరుగుతుంది, వాదిస్తుంది, ఒక సైనికుణ్ణి ప్రేమిస్తుంది, 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ఆ ప్రేమను మింగేస్తుంది. మూడు రోజుల్లో రెండు వైపులా కలిపి యాభై వేల మంది చనిపోయిన, గాయపడిన, గల్లంతైన యుద్ధం అది. చరిత్ర పుస్తకం తెరిస్తే స్కాటీకి ముందే తెలిసే విషయం ఆమెకు రేపటి సంగతి. మనకు జరిగిపోయినది ఆమెకు ఇంకా జరగలేదు. ఈ రకం కథల్లో ఇంతకన్నా గుండె పట్టేసే పరిస్థితి ఇంకోటి లేదు. రెండోది, వర్తమానంలో ఉన్న నిశ్చితార్థపు అమ్మాయిని దుర్మార్గురాలిగా చూపలేదు. ఎదుటి మనిషి మనసు తన దగ్గర లేదని గ్రహించిన ఆడపిల్ల బాధ కూడా ఇందులో ఉంది. చనిపోయిన మనిషితో పోటీ పడి గెలిచేవాళ్ళు ఎవరుంటారు?

నాకు నచ్చనిది ముగింపు. ఎలిజబెత్ పోలికలున్న ఒక నేటి యువతిని తెచ్చి స్కాటీ ముందు నిలబెట్టి సినిమా ముగుస్తుంది. ప్రేక్షకుల మీద జాలితో చేసిన పని అది. అప్పటిదాకా మనిషి ముఖం చూడకుండా కేవలం రాతతో కలిగిన ప్రేమ ఇదని నమ్మించి, చివరికి ముఖం ఒకటే అయితే చాలునన్నట్టు ముగించడం ఎలిజబెత్‌కు చేసిన అన్యాయం. ఆ వచ్చిన అమ్మాయికీ అన్యాయమే. ఆమె ఎవరో, ఏం చదివిందో, దేన్ని ప్రేమిస్తుందో మనకు తెలియదు. ఇంకొకరి బదులుగా రావడమే ఆమె పని అయింది.

డాన్ కర్టిస్‌కు ఈ ముఖాల పోలిక కొత్త కాదు. 1966 నుంచి 1971 దాకా ఏబీసీలో పగటిపూట వచ్చిన 'డార్క్ షాడోస్' సీరియల్‌ను సృష్టించింది ఆయనే. అందులో బార్నబస్ అనే రక్తపిశాచి, శతాబ్దాల కిందట పోగొట్టుకున్న జోసెట్‌ను ఒక నేటి అమ్మాయిలో వెతుక్కుంటాడు. ఒక పాత్రను 1795లోకి పంపి నెలల తరబడి ఆ కాలంలోనే కథ నడిపారు. గృహిణులు, బడినుంచి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం పూట చూసిన సీరియల్ అది. తరవాత 1974లో కర్టిస్ టెలివిజన్‌కు డ్రాక్యులా తీశాడు. స్క్రిప్టు రిచర్డ్ మాథిసన్. బ్రామ్ స్టోకర్ నవలలో లేని ఒక సంగతి వాళ్ళు చేర్చారు. డ్రాక్యులా లూసీని వెంటాడటానికి కారణం ఆమె చనిపోయిన తన భార్యలా ఉండటం. 1992లో కొప్పోలా తీసిన పెద్ద సినిమాకూ ఇలాంటి ఆలోచనే వెన్నెముక. భయం పుట్టించే కథలు తీస్తూ వచ్చిన దర్శకుడు ముప్పై ఏళ్ళ తరవాత అదే ఆలోచనలోంచి భయాన్ని తీసేసి 'ది లవ్ లెటర్' చేశాడు. ఈ వరస తెలిశాక ఆ ముగింపు ఎందుకు వచ్చిందో అర్థమైంది, నచ్చలేదు గానీ.

మాథిసన్ పేరు వచ్చింది కనక 'సమ్‌వేర్ ఇన్ టైమ్' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నెవాడాలోని వర్జీనియా సిటీలో పైపర్స్ ఆపెరా హౌస్ గోడ మీద మాడ్ ఆడమ్స్ అనే పాతకాలపు రంగస్థల నటి ఫొటో చూసి మాథిసన్ కదిలిపోయాడు. ఆ కదలికలోంచి 1975లో 'బిడ్ టైమ్ రిటర్న్' నవల వచ్చింది. నవల నడిచేది శాన్‌డియాగో దగ్గరి హోటల్ డెల్ కొరొనాడోలో, వెనక్కి వెళ్ళే సంవత్సరం 1896. సినిమాకు దాన్ని 1912గా మార్చి, మిషిగన్ రాష్ట్రంలో మాకినాక్ ద్వీపంలోని గ్రాండ్ హోటల్‌కు తరలించారు. ఆ ద్వీపంలో 1898 నుంచీ మోటారు వాహనాలు నిషేధం, గుర్రపుబళ్ళే తిరుగుతాయి. కాలంలో వెనక్కి వెళ్ళాలంటే అంతకంటే అనువైన చోటు దొరకదు. సూపర్‌మ్యాన్‌గా లోకమంతా ఎరిగిన క్రిస్టఫర్ రీవ్, జేన్ సీమోర్ నటించారు. 1980లో థియేటర్లలో సరిగా ఆడలేదు. తరవాత కేబుల్ టీవీలో, వీడియో క్యాసెట్ల మీద జనం దీన్ని కనుగొన్నారు. అభిమానులు సంఘం కట్టుకుని ఏటా అదే హోటల్లో కలుసుకోవడం మొదలైంది. వెండితెర వదిలేసినదాన్ని ఇంట్లోని చిన్నతెర నిలబెట్టింది.

ఆ సినిమాలో రెండు వస్తువులు కథంతా మోస్తాయి. కథానాయిక ఎలీజ్ ముసలిదయ్యాక 1972లో వచ్చి యువకుడైన నాయకుడి చేతిలో ఒక జేబుగడియారం పెడుతుంది. అతను 1912కు వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్తాడు, అది ఆమె దగ్గర ఉండిపోతుంది. అరవై ఏళ్ళకు ఆమె మళ్ళీ అతనికిస్తుంది. మరి ఆ గడియారాన్ని చేసిందెవరు? ఎవరూ చేయలేదు. వాళ్ళిద్దరి మధ్యే పుట్టి వాళ్ళ మధ్యే తిరుగుతోంది. రెండోది 1979 నాటి సెంటు నాణెం. కోటు జేబులో మరిచిపోయిన ఆ నాణెం అతని కంటపడగానే 1912 చెదిరిపోతుంది. ఆ సినిమా కాలయంత్రాన్ని చూపించదు. పాత బట్టలు, పాత గది, మనసు కుదురు, అంతే సరంజామా. నాయకుడికి ఆ కిటుకు చెప్పే ప్రొఫెసర్ పేరు ఫిన్నీ. జాక్ ఫిన్నీకి అది నమస్కారం.

ఈ దారి అంతకుముందే వేసినవాళ్ళున్నారు. హెన్రీ జేమ్స్ పూర్తిచేయకుండా వదిలిపోయిన నవల ఆధారంగా జాన్ బాల్డర్‌స్టన్ 1926లో 'బర్క్‌లీ స్క్వేర్' నాటకం తెచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్ కోసం తహతహలాడిన మనిషి అక్కడికి వెళ్ళాక ఆ కాలపు మురికిని, క్రూరత్వాన్ని చూసి తట్టుకోలేకపోతాడు. అక్కడ ప్రేమించిన అమ్మాయిని వదిలి తిరిగి వచ్చి, ఆమె చిన్న వయసులోనే చనిపోయిందని తెలుసుకుంటాడు. 1933లో లెస్లీ హోవర్డ్ దాన్ని తెరమీద నటించాడు. గతం అందమైనదని నమ్మే కథలకు ముందే ఈ నాటకం హెచ్చరిక చెప్పింది. తరవాతివాళ్ళు ఎక్కువమంది వినలేదు. 1948 నాటి 'పోర్ట్రెయిట్ ఆఫ్ జెన్నీ'లో ఒక చిత్రకారుడికి కనిపించిన పిల్ల, కలిసిన ప్రతిసారీ ఏళ్ళు పెరిగి వస్తుంది. 1979లో సీబీఎస్‌లోనే వచ్చిన 'ది టూ వరల్డ్స్ ఆఫ్ జెన్నీ లోగన్' టెలివిజన్ సినిమాలో అటకమీద దొరికిన పాత గౌను తొడుక్కున్న గృహిణి 1899లో తేలుతుంది. ఆమె భర్త ఇంకొకరితో తిరిగినవాడు. కాలం దాటడమంటే ఆమెకు చెడిన కాపురంలోంచి బయటపడటమే. ఆ ఒక్క కారణంతో ఈ సినిమా తన తోటివాటికన్నా నిజంగా అనిపిస్తుంది.

ఉత్తరాల దారిని 2000లో కొరియా సినిమా 'ఇల్ మారే' మళ్ళీ తెరిచింది. నీటి ఒడ్డున ఒక ఇల్లు, దాని ముందు ఉత్తరాల పెట్టె, రెండేళ్ళ ఎడంతో ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు. 2006లో హాలీవుడ్ 'ది లేక్ హౌస్'గా తీసింది. ఎడం రెండేళ్ళే కావడం తెలివైన మార్పు. ఆమె ఉన్న కాలంలో అతనూ బతికి ఉండాలి. మరి ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న మనసులో పడ్డాక సినిమా చివరిదాకా కూర్చోబెడుతుంది. కానీ రెండు సినిమాలూ చివర్లో జరిగిపోయినదాన్ని మార్చేసి ఇద్దర్నీ కలిపేస్తాయి. కలవడం చూసి సంతోషించాను. కానీ ఆ సంతోషం నిలవలేదు. ఒక్క ఉత్తరంతో చావు తప్పించవచ్చంటే అప్పటిదాకా పడ్డ వేదనకు విలువేముంటుంది?

జరిగిపోయినదాన్ని మార్చకుండా ఆ వేదన చూపే పనిని టెలివిజన్లో అతి తక్కువ నిడివిలో సాధించింది బ్రిటన్‌లో 2006 మేలో వచ్చిన 'డాక్టర్ హూ' ఎపిసోడ్, 'ది గర్ల్ ఇన్ ది ఫైర్‌ప్లేస్'. రచన స్టీవెన్ మొఫాట్. ఫ్రాన్స్ రాజు ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ గదిలోని పొయ్యి అవతల వేరే కాలం ఉంటుంది. అవతలి మనిషికి కొన్ని నిమిషాలు గడిస్తే ఆమెకు ఏళ్ళు గడుస్తాయి. చివరిసారి అతను కొద్ది నిమిషాలనుకుని వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆమె శవపేటిక వెర్సాయ్ దాటి వెళ్ళిపోతోంది. చేతికొచ్చేది ఆమె ఉత్తరం ఒక్కటే. 1764లో ఆమె చనిపోయిందన్న చరిత్ర సత్యాన్ని కథ ముట్టుకోలేదు. ముప్పావుగంటలో అంత దుఃఖం పట్టించడం చిన్న విషయం కాదు. ఇదే మొఫాట్ 2022లో హెచ్‌బీఓ కోసం 'ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్' నవలను సీరీస్‌గా తీశాడు, అది ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 2014లో మొదలైన 'అవుట్‌లాండర్' దీనికి పూర్తిగా భిన్నం. 1945 నాటి నర్సు 1743 నాటి స్కాట్లండ్‌లో పడి అక్కడే కాపురం చేస్తుంది. అది బాగున్నా, రాళ్ళు తాకితే రాకపోకలు సాగే చోట కాలం అడ్డుగోడ కాకుండా గడప అయిపోతుంది. అది చారిత్రక సాహసగాథ. ఈ వ్యాసం అడిగే ప్రశ్న దానికి లేదు.

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న వేరే రూపంలో తెలుసు. మన సినిమాకు కాలయంత్రం అక్కర్లేకపోయింది, పునర్జన్మ ఉంది. 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన 'మూగమనసులు'లో కొత్త దంపతులకు గోదారి మీద పడవలో వెనకటి జన్మ గుర్తొస్తుంది. 2009 'మగధీర'కు నాలుగు వందల ఏళ్ళ ఎడం. 2014 'మనం' ఆ పద్ధతిని తిప్పి, చనిపోయిన తల్లిదండ్రుల్ని కొడుకు ముందు మళ్ళీ పడుచువాళ్ళుగా నిలబెట్టింది. పునర్జన్మ కథలో ముఖం తిరిగి రావడం మోసం అనిపించదు, ఎందుకంటే వచ్చింది అదే ప్రాణమని కథ మొదటినుంచీ మాట ఇచ్చింది. 'ది లవ్ లెటర్' అలాంటి మాట ఇవ్వకుండానే అదే ఫలితం అందుకోవాలని చూసింది. మన ప్రేక్షకుడికి ఆ ముగింపు సహజంగా తోచవచ్చు, అయినా తేడా గమనించాలి. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' కాలయంత్రాన్నే తెచ్చి శ్రీకృష్ణదేవరాయల కొలువు చూపించింది గానీ, అక్కడ ప్రేమకన్నా వింతకే పెద్దపీట.

భాగవతం నవమస్కంధంలో ఇంతకంటే పాత కథ ఉంది. కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గంధర్వుల పాట సాగుతుంటే కాసేపు ఆగాడు. పాట అయ్యాక అడిగితే బ్రహ్మ చెప్పాడు, ఈ కాసేపట్లో భూమ్మీద ఇరవైయేడు మహాయుగాలు గడిచిపోయాయని, నువ్వనుకున్న వరులే కాదు వాళ్ళ మనుమల పేర్లు కూడా వినపడవని. రేవతి చివరికి బలరాముణ్ణి పెళ్ళాడింది. ఆమె పాతకాలపు మనిషి కావడంతో చాలా ఎత్తుగా ఉంటే, బలరాముడు నాగలి కొనతో తాకి తన కాలానికి తగ్గట్టు చేశాడని విష్ణుపురాణం చెబుతుంది. తన కాలమంతా ఒక పాట వ్యవధిలో పోగొట్టుకున్న ఆ అమ్మాయి మనసులో ఏముందో పురాణం చెప్పలేదు. చెప్పగల రచయిత ఇంకా రావాలి.

ఉత్తరం విషయంలో మనకు దగ్గరగా వచ్చింది 2022లో హను రాఘవపూడి తీసిన 'సీతారామం'. అందులో ఎవరూ కాలం దాటరు. ఒక ఉత్తరం ఇరవై ఏళ్ళు ఆలస్యంగా అందుతుంది, అంతే. అయినా ఆ ఆలస్యం ఫిన్నీ మూడో అర చేసే పనే చేస్తుంది. రాసిన చెయ్యి లేకపోయినా రాత వచ్చి చేరుతుంది. అద్భుతమేదీ లేకుండా, తపాలా శాఖకూ సైన్యానికీ సాధ్యమైన హద్దుల్లోనే కథ సాగింది. అదే దాని బలం.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకున్నాక నా అభిప్రాయం ఇది. కాలాన్ని కథ నిజంగా అడ్డంకిగా తీసుకున్నప్పుడే ఈ రకం ప్రేమ మనల్ని కదిలిస్తుంది. ఫిన్నీ మూడు అరలు, మాథిసన్ నాణెం, మొఫాట్ శవపేటిక, మూడూ చెప్పిన నియమానికి చివరిదాకా కట్టుబడ్డాయి. ఇద్దర్నీ ఎలాగోలా కలపాలన్న తొందర వచ్చిన చోట కథ బలహీనపడింది. ఇంకో సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. ఈ కథల్లో కాచుకునే భారం దాదాపు ఎప్పుడూ ఆడమనిషి మీదే పడింది. ఎలీజ్ అరవై ఏళ్ళు కాచుకుంది, నటన మానుకుంది. ఫిన్నీ కథలోని అమ్మాయి సమాధి రాయి మీద రాయించుకుంది. పాంపదూర్ కిటికీ దగ్గర కూర్చుంది. 'సమ్‌వేర్ ఇన్ టైమ్'లో అతనూ బెంగతో ప్రాణం విడుస్తాడు గానీ, అది కొద్ది రోజుల మాట. ఆ అరవై ఏళ్ళు ఆమె ఎలా గడిపిందో చూపే సినిమా ఇంతవరకు నా కంటపడలేదు. ఎవరైనా తీస్తే ఈ రకం మొత్తానికీ కొత్త ఊపిరి వస్తుంది.

తెలుగులో ఓటీటీల కోసం చిన్న సినిమాలు తీసేవాళ్ళకు ఇక్కడ చోటుంది. ఇద్దరు నటులు, ఒక పాత ఇల్లు, ఒక పోస్టాఫీసు చాలు. రాజమండ్రిలోనో బందరులోనో వరంగల్లులోనో అలాంటి ఇళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి. పునర్జన్మ జోలికి పోకుండా, ఇద్దర్నీ కలిపేసే తొందర పడకుండా, గంటన్నరలో చెప్పగలిగితే ఫిన్నీ కథ పక్కన నిలబడగలదు. చూసేవాళ్ళకు ఒక మాట: 'ది లవ్ లెటర్' దొరికితే తప్పకుండా చూడండి, ఎలిజబెత్‌గా జెన్నిఫర్ జేసన్ లీ కోసమైనా చూడండి. కానీ ఫిన్నీ కథ ముందు చదవండి. చదవడానికి అరగంట కూడా పట్టదు.